సైకిలంగడి బోర్డు, ఫ్రాన్సు బటన్లు

ఇప్పుడు నా కోపంలో సగం కల్తీ. వయసు, బీపీ మాత్రలు, నలుగురిలో పెద్దమనిషినన్న పేరు, ఇవన్నీ కలిసిపోయి అసలు సరుకు ఎంత మిగిలిందో నాకే తెలియడం లేదు. ఆ రోజుల్లో మాత్రం నాది మేలురకం కోపం. ముట్టుకుంటే చెయ్యి కాలేది. మాది బత్తలపల్లెలో బెల్లం, కందిపప్పు, ఎండుమిర్చి అమ్మే అంగడి. మా నాయన కోపాన్ని కూడా సరుకులాగే వాడేవాడు. కావలసినప్పుడు తీసి, పని కాగానే డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. "పోప్పా, నీకు అమ్మేదానికి నా దగ్గర బెల్లం లేదు" అని ఆయన ముఖం తిప్పుకుంటే, బేరమాడేవాడు గొణుక్కుంటూ చెప్పిన ధరకే కొనుక్కుపోయేవాడు. ఆ విద్యంతా నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది, మూత పెట్టడం ఒక్కటి తప్ప. మొన్న కొత్త కంప్యూటర్ ఆన్ చేయగానే, నా పేరైనా అడక్కుండా, "మీ కీబోర్డు ఏ దేశానిది?" అంటూ తెరనిండా దేశాల పేర్లు పరిచింది. అంతే, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ మూత ఎగిరిపోయింది. ఎందుకో చెప్తాను, వినండి (వినకపోతే నాకేం నష్టం లేదు, కానీ పక్క అంగట్లో ఇంతకన్నా చవగ్గా దొరకదు).

అప్పట్లో నేను ధర్మవరంలో, మగ్గాల వీధిలో ఒక అద్దె గది తీసుకుని జకార్డు అట్టలు కొట్టే పని మొదలుపెట్టాను. చీర అంచుమీద మామిడిపిందె కావాలన్నా, కొంగుమీద ఏనుగు కావాలన్నా, ముందు ఆ బొమ్మను గళ్ల కాగితం మీద గీస్తారు. ఆ గళ్లను నేను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాను. ఆపైన మిషను ఒక్కో వరసకు ఒక్కో అట్ట చొప్పున చిల్లులు పొడుస్తుంది. ఆ అట్టల దండను మగ్గం మీద వేలాడదీస్తే ఏ పోగు లేవాలో, ఏ పోగు పడుకోవాలో చిల్లులే చెప్తాయి. మిషను పాతది. దానితో వచ్చిన ప్రోగ్రాం ఇంకా పాతది, బెంగళూరులో ఒకాయన ఎప్పుడో రాసింది. మౌసు పనిచేయదు. నల్ల తెర, దానిమీద ఆకుపచ్చ చుక్కలు, అంతే. బాణం బటన్లతో గళ్లమీద నడవాలి, స్పేస్ నొక్కితే చిల్లు పడుతుంది. పనంతా అయ్యాక డబ్ల్యూ నొక్కితే బొమ్మను దాచుకుంటుంది, జెడ్ నొక్కితే మొత్తం తుడిచేస్తుంది. రెండింటికీ "ఖాయమేనా?" అని ఒకటే ప్రశ్న, వై నొక్కితే ఔనన్నట్టు. (దాచడానికీ తుడవడానికీ ఒకే ప్రశ్న పెట్టినవాణ్ని ఏమనాలో మా వీధిలో మంచి మాటలున్నాయి. అచ్చులోకి రావు.)

ఒక ఎండాకాలం, కరెంటు హెచ్చుతగ్గులు తట్టుకోలేక నా పాత కంప్యూటర్ ప్రాణం వదిలింది. బెంగళూరులో పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే సందుకు పోయాను. ఆ రోజు నేనాడిన బేరం మా నాయన చూసుంటే అంగడి నా పేర రాసిచ్చేవాడు. తట్టి చూశాను, వాసన చూశాను, మూత తెరిచి మూసి కిర్రుమంటుందేమో చెవి పెట్టి విన్నాను. పక్కన వైర్లు తగిలించే రెండు రంధ్రాల్లో ఒకటి చచ్చిపోయిందని కనిపెట్టి, దానికి ఒక తగ్గింపు పుచ్చుకున్నాను. మూతమీద గీతకు ఇంకో తగ్గింపు. పైగా బ్యాగు ఊరికే. "అక్కా, నువ్వు అంగడోళ్ల బిడ్డవు గదా?" అన్నాడు అమ్మేవాడు నీరసంగా. ఆ మాటను బిరుదులాగా మెడలో వేసుకుని రైలెక్కాను. బటన్లమీద ఏం రాసుందో మాత్రం చూడలేదు. అక్షరాలు ఎక్కడికి పోతాయి? కందిపప్పు కొనేవాడు అది పసుప్పచ్చగా ఉందో లేదో చూస్తాడు గానీ, కందిదేనా అని అడుగుతాడా?

ఇంటికొచ్చి తెరిస్తే, క్యూ ఉండాల్సిన చోట ఏ కూర్చునుంది. డబ్ల్యూ ఉండాల్సిన చోట జెడ్. డబ్ల్యూ పోయి కింది వరసలో మూలన నక్కింది. అంకె కావాలంటే షిఫ్టు పట్టుకోవాలట, దర్బారులో దండం పెట్టినట్టు. ఫోన్ చేశాను.

"ఏంది తమ్ముడూ నువ్వు నాకు అమ్మింది? అక్షరాలు తాగి పడినట్టు యాడంటే ఆడుండాయి!"

"అది ఫ్రాన్సు మాల్ అక్కా. ఆడి ఆఫీసుల్లోంచి వచ్చింది. ఫ్రాన్సు మాల్ ఊరికే దొరుకుతాదా?"

"నేనేమన్నా ఫ్రాన్సులో అంగడి పెట్టుకోనుండానా?"

"సెట్టింగుల్లోకి పోయి ఫ్రెంచి అని పెట్టుకో అక్కా. అంతే."

పెట్టాను. నిజమే, ఏ అని రాసున్న బటన్ నొక్కితే ఏ వచ్చింది, డబ్ల్యూ నొక్కితే డబ్ల్యూ వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను (మురిసిపోవడం నాకెప్పుడూ చవగ్గానే దొరుకుతుంది).

అప్పుడొచ్చాడు చింతాకు మామ. చుట్టం కాదు, నా గదికి ఎదురు మగ్గం ఆయనది. ఏ అంచు గీసినా ఒక మూల చింతాకు పెట్టందే ఆయన చెయ్యి ఆగదు కాబట్టి ఆ పేరు. ఈసారి ఆయన అంతవరకూ ఎవరూ పట్టుచీరమీద పెట్టని బొమ్మ గీసుకొచ్చాడు: చెనిక్కాయ చెట్టు, అదే వేరుశనగ. పైన ఆకులు, కింద వేలాడే కాయలు, మధ్యన జరీ గీతే నేల. ముదిగుబ్బ దిక్కున ఆయనకు కొంచెం చేనుండేది. వానల్లేక చెనిక్కాయ ముఖం మరిచిపోయిన చేను.

"చేన్లో కాయకుంటే పాయె, చీరమీదన్నా కాయనీ పాపా" అన్నాడు నవ్వుతూ.

ఆయనకు పట్టునూలిచ్చి చీరలు తీసుకునే సేటు బెంగళూరాయన. ఎన్నడూ మామ గీసినవి ఒప్పుకునేవాడు కాదు. తానిచ్చిన నెమళ్లే నెయ్యమనేవాడు. ఎంతో బతిమాలితే ఒక్క మాటిచ్చాడట: మంగళవారం వస్తా, జానెడు నేసి చూపించు, నచ్చితే ఆ అంచు నీదే. లేకుంటే జన్మలో మళ్లీ నీ గీతల మాట నా ముందర ఎత్తొద్దు అని. మామ పడుగు ఎక్కించుకుని మగ్గం ముందు కూర్చున్నాడు. ఇక అట్టలు రావడమే ఆలస్యం.

శుక్రవారమంతా వంచిన నడుము ఎత్తకుండా ఆ గళ్లు ఎక్కించాను. పొద్దువాలే వేళకు ఆఖరి కాయ పడింది. దాచుకోవాలి కదా, నా వేలు పాత అలవాటు చొప్పున తనంతట తానే పైవరసలోకి పోయింది. చూస్తే ఆ వేలి కింద జెడ్! ఇంకొంచెముంటే మామ చేను తుడిచేసేదాన్ని కదా అనుకుని, వేలిని తిట్టి, వెనక్కి లాక్కుని, కింది వరసలో డబ్ల్యూ అని రాసున్న బటన్‌ను వెతికి పట్టుకుని, రెండు కళ్లూ పెట్టి చూసి మరీ నొక్కాను. "ఖాయమేనా?" అంది. వై. చెనిక్కాయ చెట్టు మాయమైంది. ఆకు లేదు, కాయ లేదు, ఒక్క చింతాకైనా మిగల్లేదు.

నేను పెట్టిన కేకకు మామ మగ్గం గుంటలోంచి లేచి పరిగెత్తుకొచ్చాడు. "ఏమాయ పాపా? కరెంటు పట్టుకొన్యా?"

వేలితో తెర చూపించాను. ఆయన వంగి ఆ నల్లటి ఖాళీలోకి చూశాడు.

"అచ్చం మా చేను మాదిరే ఉండాది గదా" అన్నాడు.

ఆ మాటతో నా ఒళ్లు మండింది. ఆయనమీద కాదు, ప్రపంచం మీద. ప్రోగ్రాం రాసిన సారుకు ఫోన్ చేశాను.

"మీరు జెడ్ నొక్కినారమ్మా" అన్నాడాయన, ఎక్కడో కాఫీ చప్పరిస్తూ.

"డబ్ల్యూ నొక్కినా సార్. నా రెండు కండ్లతో చూసి నొక్కినా."

"నా ప్రోగ్రాం అబద్ధం చెప్పదమ్మా."

"అంటే నేను చెప్తాండాననా?"

"బటన్లమీద ఎవరేం రాసుకున్నారో నా ప్రోగ్రాం చూడదు, మీ సెట్టింగూ చూడదు. అమెరికా బటన్ల లెక్కన రాసినా. వేరే కీబోర్డు కొని తగిలించుకోండి."

వేరే కీబోర్డు ఎక్కడ తగిలించాలి? ఉన్న రెండు రంధ్రాల్లో ఒకటి అట్టలు కొట్టే మిషనుకు పోయింది. రెండోది చచ్చింది. అది చచ్చినందుకే కదా నేను గంటసేపు బేరమాడి, తగ్గింపు సాధించి, బిరుదు మెడలో వేసుకుని వచ్చింది! ఆ సాయంత్రం నేను తిట్టనివాళ్లు లేరు. ఫ్రాన్సువాళ్లను తిట్టాను, అందరూ ఒక వరసలో కూర్చుంటే వీళ్లకేం రోగమని. అమెరికావాళ్లను తిట్టాను, వరస వాళ్ల సొత్తా అని. బెంగళూరు సారును అందరికన్నా ఎక్కువ తిట్టాను. ఎక్కడో ఒక దేశంలో బల్లముందు కూర్చున్న మనిషి వేళ్లకు కొలతేసి చొక్కా కుట్టి, అది ధర్మవరంలో నాకు పట్టకపోతే నా ఒళ్లు తప్పంటాడేంటి? పద్ధతిగా బతికేవాడైతే, మొదటిరోజే "అమ్మా, నీ బటన్లు ఎట్లుండాయి?" అని ఒక్క మాట అడిగేలా రాయొచ్చు కదా! మా నాయన కొత్త గిరాకీ వస్తే, "మీ ఇంట్లో కారం ఏ మాత్రం తింటారు?" అని అడక్కుండా మిరపకాయ తూచడు.

కోపంలో నాకు గొప్ప ఉపాయం తట్టింది. అంగట్లో సరుకులమీద ధర అంటించే చీటీలు కొన్ని నా సంచిలో ఉన్నాయి. వాటిమీద అమెరికా లెక్కన అక్షరాలు రాసి బటన్ బటనుకూ అంటించాను. మరునాడు మళ్లీ మొదటినుంచి గళ్లెక్కించి, చీటీ ప్రకారం డబ్ల్యూ నొక్కాను. దాచుకుంది. గుర్తుగా ఉంటుందని బొమ్మకు "మామ" అని పేరు పెట్టాను. గెలిచాననుకున్నాను.

కానీ బొమ్మను మిషనుకు పంపాలంటే ఆ ప్రోగ్రాంలోంచి బయటికొచ్చి, ఖాళీ నల్ల తెరమీద ఆజ్ఞ రాయాలి: బొమ్మ ఉన్న పెట్టె పేరు, ఎడమకు వాలిన ఒక గీత, బొమ్మ పేరు. ఈ బయటి తెర ప్రోగ్రాంలాగా కాదు, సెట్టింగు మాట వింటుంది. సెట్టింగేమో ఫ్రెంచి. చీటీలు చూసి "మామ" అని ఇంగ్లీషులో కొడితే కామా, క్యూ, కామా, క్యూ అని పడింది. చీటీలు లేపి కింద అసలు అక్షరాలు చూసుకుంటూ కొడితే పేరు వచ్చింది గానీ, ఎడమకు వాలిన గీత దొరకలేదు. కుడికి వాలింది దొరికింది. నిలువుది దొరికింది. తలమీద టోపీ పెట్టుకున్న అక్షరాలు ఎన్నో దొరికాయి. కావలసిన గీత ఒక అంకె బటన్ మూలన చిన్నగా అచ్చేసి ఉండేదట. దానిమీద నేనే చీటీ అంటించి, లేపేటప్పుడు ఆ మూల గీరేశాను. ఇక లోపలికి ఒక రంగు చీటీ, బయటికి ఒక రంగు చీటీ అని బటనుకు రెండేసి అంటించడం మొదలుపెట్టాను. ఎండకు చెమట, చెమటకు జిగురు. చీటీలు బటన్లను వదిలి నా మోచేతులకు పట్టుకున్నాయి.

ఆదివారం చీటీలైపోయి బత్తలపల్లె బస్సెక్కాను. బస్సులో ఒకామె నా చెంపవైపు చూస్తూ, "ఏమ్మా, ఎక్స్ అంటే ఏం గుర్తు?" అని అడిగింది. చెంప తడుముకుని చీటీ పీకేశాను.

మా అంగడి గురించి ఒక మాట చెప్పాలి. అందులో మాకన్నా ముందు ఎవరో సైకిళ్లు బాగుచేసేవాళ్లు. పైన రేకుమీద వాళ్లు వేయించిన సైకిలు బొమ్మ ఇప్పటికీ ఉంది, వెనక చక్రం వెలిసిపోయింది. మా నాయన దాన్ని తీయనూ లేదు, రంగెయ్యనూ లేదు. ఊళ్లో అందరూ "సైకిలంగట్లో బెల్లం బాగుంటాది" అంటారు. ఎవరికీ అందులో వింత కనబడదు. నేను బస్సు దిగేసరికి, ధర్మవరంనుంచి ఫ్లెక్సీ బోర్డులు వేసే మనిషి వచ్చి మా నాయన కోపాన్ని డబ్బాలోంచి తీయించి ఉన్నాడు.

"కిరాణా అంగడికి సైకిలు బొమ్మ ఏందన్నా! రంగు రంగుల బోర్డు పెడితే గిరాకీ పెరుగుతాది" అంటున్నాడు అతను.

"ఓరప్పా, బోర్డు చూసి ఎవడు వచ్చేది? వాళ్ల తాతలకాడ నుంచీ ఈ గడపకి నడిచిన కాళ్లు! కండ్లు మూసుకున్యా కాళ్లు ఈడికే తెస్తాయి. రేప్పొద్దన నీ బోర్డు ఈడ పెడితే, వచ్చినోడు తలెత్తి చూసి, అంగడి మారిపోయిందనుకొని ఎదురంగట్లోకి పోతాడు. నువ్వు పోప్పా, నీతో కొనేదానికి నా దగ్గర దుడ్లు లేవు."

చీటీల కోసం వచ్చిన నేను మెట్టుమీద అలాగే నిలబడిపోయాను. శుక్రవారం నా వేలు చేసింది అదే కదా! ఏళ్లుగా నడిచిన దారిన సరైన అంగడికే పోయింది. నా కన్నే తలెత్తి బోర్డు చూసి, దాన్ని ఎదురంగట్లోకి తోసింది. బటన్‌కు తనమీద ఏం రాసుందో తెలియదు. తను ఎక్కడ కూర్చుందో అంతే చెప్తుంది. ఆ ముసలి ప్రోగ్రాం చోటు చూసి నడిచే మనిషి. నేను సెట్టింగులో ఫ్రెంచి అని పెట్టడం, తప్పు బోర్డును ఇంకాస్త పెద్ద అక్షరాలతో రాయించడం. చీటీలంటించడం, బోర్డుమీద బోర్డు. సైకిలు బొమ్మ కింద పుట్టి పెరిగినదాన్ని, బోర్డు నమ్మి మోసపోయాను!

"ఏందిమే, దయ్యం పట్టినట్ల నిలబడుకున్యావు? అన్నం తిన్యావా?" అన్నాడు నాయన.

"నాయనా, షట్టరుకేసిన నల్ల రంగు మిగిలుండాదా?"

ఎందుకని ఆయన అడగలేదు. అంగడోళ్లు ఎదుటివాడు కొనేది ఎందుకో అడగరు.

ధర్మవరం వచ్చి సెట్టింగు మళ్లీ అమెరికా చేశాను, పళ్లు కొరుకుతూనే. చీటీలన్నీ పీకేసి, అగ్గిపుల్లకు దూది చుట్టి ఒక్కో బటన్‌కూ నల్ల రంగు పూశాను. ఫ్రాన్సు, అమెరికా అన్నీ మునిగిపోయాయి. ఆరేవరకు విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. ఆపైన కళ్లు తెరమీద పెట్టి, వేళ్లను వాటి దారిన పోనిచ్చాను. పేరు వచ్చింది. ఎంటర్ పక్కన, ఎప్పటి చోటనే, ఎడమకు వాలిన గీత నాకోసం వాలి కూర్చునుంది. మిషను టకటకమని అట్టలు కక్కడం మొదలుపెట్టగానే వీధవతల మామ మగ్గంమీద చెయ్యేసి దండం పెట్టాడు. ఆ దండం నాకా, మిషనుకా అని నేను అడగలేదు. బేరం కుదిరాక గుచ్చి అడక్కూడదు.

మంగళవారం సేటు వచ్చేటప్పటికి జానెడు అంచు మగ్గంమీద ఉంది. ముదురు ఎరుపుమీద జరీ చెనిక్కాయలు, మూల యథాప్రకారం ఒక చింతాకు. సేటు కళ్లద్దాలు పెట్టుకుని వంగాడు.

"ఏమప్పా ఇవి, పురుగులా?"

మామ ముఖం చేనులా ఎండిపోయింది. "చెనిక్కాయలు సామీ" అన్నాడు.

"పట్టుచీరమీద చెనిక్కాయలెవరు కడతారు? సరేలే, నువ్వు కష్టపడినావు. కూలి కొంచెం తగ్గించుకుంటానంటే ఒకటి నెయ్యి, చూద్దాం."

శుక్రవారం నుంచి నాలో పోగుపడిన కోపానికి అప్పుడు దారి దొరికింది. కానీ విచిత్రం, ఈసారి అది మా నాయన గొంతుతో, మూత పెట్టినంత నెమ్మదిగా వచ్చింది. పక్కనున్న గుడ్డ తీసి అంచుమీద కప్పేశాను.

"ఇది మీకు కాదులెండి సార్. హిందూపురం నుంచి ఇంకో ఆయన రేపొస్తాడు. మీరు నెమళ్లు తీసుకుపోండి."

మామ నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. సేటు మెట్లు దిగాడు. చెప్పులు వేసుకున్నాడు. ఒక చెప్పు విప్పాడు. (ఒక చెప్పు విప్పినవాడు కొన్నట్టే, ఇది మా నాయన సూత్రం.)

"గుడ్డ తియ్యమ్మా. ఇంకోసారి చూస్తా."

కూలి తగ్గలేదు. ఒకటి కాదు, మగ్గం ఆగకుండా నెయ్యమన్నాడు. ఆయన పోయాక మామ అరుగుమీద చతికిలబడ్డాడు.

"పాపా, హిందూపురం ఆయప్ప ఎవరు?"

"నాకేం తెలుసు మామా?"

"ఈయన మళ్లీ రాకుండా పోయింటే?"

"ఆ విప్పిన చెప్పు మళ్లీ తొడిగే లోపల కాళ్లు పట్టుకునేదాన్ని మామా."

కొన్నాళ్లకు ఆ ల్యాప్‌టాప్ అమ్మినవాణ్ని కడిగేద్దామని బెంగళూరు పోయాను. రైల్లో తిట్లన్నీ వరసగా అల్లుకున్నాను. వాడు నన్ను చూడగానే కుర్చీ వేసి, "అక్కా, ఫ్రాన్సు మాల్ ఎట్లుండాది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మూలనుంచి ఇంకోటి తీశాడు. "ఇది జర్మనీది అక్కా. దీంట్లో వై, జెడ్ అటూ ఇటూ ఉండాయంట. ఎవురూ తీసుకోడం లేదు." ఎవరూ తీసుకోవడం లేదు! అంగడోళ్ల బిడ్డకు అంతకన్నా తీయని మాట లోకంలో ఉందా? అల్లుకున్న తిట్లన్నీ బేరంలోకి మార్చి వాడేశాను. ఇంటికి రాగానే, ఆన్ చేయకముందే, నల్ల రంగు డబ్బా మూత తీశాను.

మొన్న ఆ దేశాల పేర్లముందు కూర్చున్నప్పుడు ఇదంతా గుర్తొచ్చింది. చెంపమీద చీటీతో బస్సెక్కి, సగం ప్రపంచాన్ని తిట్టిన ఆ పిల్ల. ఆ నాలుగు రోజుల్లో ఆ గదిలో తప్పు చేయనిది ఒక్క ఆమె వేలే. ముందు దాన్నే తిట్టింది పాపం. తెరంతా కిందిదాకా వెతికాను. బత్తలపల్లె ఇప్పటికీ లేదు. ఒకప్పుడైతే గంటసేపు తిట్టి నొక్కేదాన్ని. ఇప్పుడు అరనిమిషం తిట్టి, అమెరికా అని నొక్కాను. బటన్ వైపు మాత్రం చూడలేదు.